కొత్తపేట మధ్యాహ్నం

తొమ్మిదేళ్ళలో నా ప్లగిన్ మీద వచ్చిన ఫిర్యాదులు పదకొండు. రంగు బాగాలేదని కొన్ని, అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని కొన్ని. తేదీ తప్పని ఒక్కరూ అనలేదు. అనలేదు కాబట్టి తప్పు లేదనుకున్నాను. ఈ గడ్డ మీద పుట్టి పెరిగి, మనవాళ్ళ సంగతి తెలిసి కూడా అలా అనుకున్నానంటే నన్నేమనాలో మీరే చెప్పండి.

నా పేరు పాపారావు. కొత్తపేటలో ఇంట్లోనే కూర్చుని వెబ్‌సైట్లు కడతాను. వెబ్‌సైటుని ఈ రోజుల్లో ఎవరూ పునాది నుంచి కట్టరు. ఫ్రేమ్‌వర్క్ అని ఒకటి సిద్ధంగా దొరుకుతుంది, దానికి ఎవరికి కావలసిన ప్లగిన్లు వాళ్ళు తగిలించుకుంటారు, ఇంటికి మోటారు బిగించుకున్నట్టు. నేను తయారు చేసింది తిథుల ప్లగిన్. మనిషి ఏ రోజున పోయాడో చెబితే, ఏటా ఆయన తద్దినం ఏ తేదీన వస్తుందో అది లెక్క కట్టి చెబుతుంది. ఎవరి దగ్గరా పైసా తీసుకోకుండా ఊరికే ఇచ్చాను. గుళ్ళ సైట్లు, పురోహితుల సైట్లు, గల్ఫ్ సంఘాల సైట్లు అన్నీ కలిపి రెండు వందల పైచిలుకు చోట్ల పనిచేస్తోంది. మా చుట్టుపక్కల ఊళ్ళ కోసం నేనే ఒక సైటు నడుపుతున్నాను.

దాన్ని ఎలా బిగించుకోవాలో చెప్పే డాక్యుమెంటేషన్ కూడా నేనే రాశాను, తెలుగులో, ఏడు మెట్లుగా. ఆ ఏడు మెట్లంటే నాకు చెప్పలేనంత గర్వం. ఎక్కడా ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు అనుకునేవాణ్ణి. మా మామగారు బతికి ఉన్న రోజుల్లో, కనబడ్డవాళ్ళందరికీ ఫోన్ తెరిచి చూపించి, "మా అల్లుడుగారు పంచాంగాన్ని కంప్యూటర్లోకి ఎక్కించేరండి" అని చెప్పుకునేవారు. ఆరేళ్ళ క్రితం, వైశాఖ బహుళ సప్తమి నాడు ఆయన పోయారు. ఆయన తద్దినం తేదీ కూడా ఆ సైటులోనే చూసుకుంటున్నాం.

ఈ వైశాఖంలో రేవతి అనే అమ్మాయి దగ్గర్నుంచి పన్నెండో ఫిర్యాదు వచ్చింది. సొంతూరు కె.గంగవరం, కాకినాడలో ఉద్యోగం, వాళ్ళ ఊరి గుడికి సైటు చేస్తోంది. "నమస్కారం సార్. మీరు రాసిన ఏడు మెట్లూ ఉన్నది ఉన్నట్టు చేశాను. ఒక తేదీ మాత్రం ఒకరోజు ముందుకి వస్తోంది. మా ఇంట్లో క్యాలెండర్లో వేరేగా ఉందండి" అని, ఎవరైనా చదవగలిగే ప్లగిన్ ఫిర్యాదుల పేజీలో రాసింది.

"ముందు డాక్యుమెంటేషన్ సరిగ్గా చదవండి" అని ఒక్క ముక్క రాసి పారేశాను.

మర్నాడు మళ్ళీ రాసింది. మూడుసార్లు చదివిందట. ప్లగిన్ తీసేసి మళ్ళీ బిగించమన్నాను. బిగించింది. సెట్టింగుల ఫైల్లో ప్లగిన్ల వరస మార్చమన్నాను. మార్చింది. దాచిపెట్టుకున్న పాత ఫైళ్ళు తుడిచెయ్యమన్నాను. తుడిచింది. చెప్పిన ప్రతిదానికీ "చేశానండి" అనేది, కింద మళ్ళీ "తేదీ మాత్రం మారలేదండి" అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ అమ్మాయి అడిగిన తేదీనే నా కంప్యూటర్లో వేసి చూశాను. క్యాలెండర్లో ఉన్నట్టే, సరిగ్గా వచ్చింది. ఆ తెర ఫొటో తీసి పంపించి, "నా దగ్గర సరిగ్గానే వస్తోంది. తప్పు మీ వైపే" అని తేల్చేశాను. ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు అనే మాటే అది. అన్నవాడికి ఎంత హాయిగా ఉంటుందో విన్నవాడికి అంత కడుపు మంట.

ఇలా మూడు వారాలు నడుస్తుండగా మా బావమరిది బుల్లిరాజు కువైట్ నుంచి దిగాడు. అక్కడ ఏసీలు బాగుచేసే కంపెనీలో పని. తద్దినానికని ఏటా నాలుగు రోజుల సెలవు అయిదు నెలల ముందే రాయించుకుంటాడు, నా సైటులో తేదీ చూసుకుని. పలివెలలో మా అత్తగారింట్లో తద్దినం జరిగింది. పిండాలు బుల్లిరాజే పెట్టాడు. వాళ్ళ నాన్న పోయినప్పుడు రాలేకపోయాడు. కర్మ అంతా నా చేతే చేయించారు. అందుకే ఏడాదికి ఒక్కసారి చేసే ఈ పని తప్పకూడదని వాడి పట్టుదల. అన్నీ అయ్యాక నాకు దణ్ణం పెట్టి, "మీరుండబట్టి నాకీ తేదీ తెలుస్తోందండీ బావగారూ" అన్నాడు. పక్కనే ఉన్న పంతులుగారు, "ఆయ్, అల్లుడుగారు లెక్క కట్టేరంటే ఇంకేం ఉంటుందండీ" అన్నారు. నేను కొంచెం ఒళ్ళు విరుచుకుని నిలబడ్డాను. నిజం చెప్పాలిగా.

మర్నాడు తెల్లారగట్లే వాడు రాజమండ్రి విమానాశ్రయానికి బయల్దేరి వెళ్ళిపోయాడు. నేను పదకొండింటికి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. రేవతి ఒక్క వాక్యం పంపింది. "సార్, తప్పుగా అనుకోకండి, మీ కంప్యూటర్ గడియారం ఏ దేశం టైములో ఉంది?"

కొత్తపేటలో ఉన్నవాడి గడియారం ఏ దేశంలో ఉంటుంది అని విసుక్కోబోయి ఆగాను.

తద్దినానికి అపరాహ్ణం లెక్క. అంటే మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాటాక ఏ రోజున ఆ తిథి ఉంటుందో ఆ రోజునే పెట్టాలి. మధ్యాహ్నం ఎప్పుడు అయిందో నా ప్లగిన్ కంప్యూటర్ గడియారాన్ని అడుగుతుంది. నా కంప్యూటర్లో ఒంటిగంటన్నర అంటే కొత్తపేటలో ఒంటిగంటన్నరే. సైట్లు నడిచే సర్వర్లు మాత్రం ఎక్కడో సముద్రాల అవతల ఉంటాయి. వాటి గడియారాలు గ్రీన్‌విచ్ టైముకి పెట్టి ఉంటాయి. వాటికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయ్యేసరికి మనకి రాత్రి ఏడు. మన మధ్యాహ్నానికీ ఆ ఏడింటికీ మధ్య తిథి మారిందా, తేదీ ఒకరోజు ముందుకి వచ్చేస్తుంది. అన్ని ఏళ్ళూ మారదు, కొన్ని ఏళ్ళే. సర్వరుకి మన దేశం టైము చెప్పండి అని ఒక మెట్టు రాసి ఉండాలి. నాకు అవసరం పడలేదు కాబట్టి రాయలేదు. లోకంలో ఉన్న మధ్యాహ్నం ఒక్కటే, అది కొత్తపేటదే అనుకున్నాను.

నా గడియారం గ్రీన్‌విచ్‌కి మార్చాను. రేవతి చెప్పిన తేదీ కళ్ళముందే ఒకరోజు ముందుకి వచ్చేసింది. తరవాత మా మామగారి తిథి వేశాను. ఆరు తద్దినాల్లో మూడు తప్పు. రెండోది, నాలుగోది, నిన్నటిది. నిన్న మధ్యాహ్నం బుల్లిరాజు పిండం పెట్టినప్పటికి ఇంకా షష్ఠి. సప్తమి వచ్చింది సాయంత్రం అయిదు దాటాకే. అసలు తిథి ఇవాళ. టైము పన్నెండు కావస్తోంది.

బుల్లిరాజుకి ఫోన్ చేశాను. స్విచ్చాఫ్. విమానం ఎక్కానని పొద్దున్న తొమ్మిదిన్నరకి పెట్టిన ఫొటో ఒకటి ఫోన్లో ఉంది. కిటికీ పక్కన కూర్చుని నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి ఏడుపొచ్చింది.

మా ఆవిడ హేమ వంటింట్లో ఉంది. దానికి చెప్పే ధైర్యం లేక, బండి తీసి ఎండలో పలివెల బయల్దేరాను. అత్తగారికి నా నోటితో నేనే చెప్పాలి, పంతులుగారిని పిలిచి ఏం చెయ్యొచ్చో అడగాలి. దారంతా ఆ రెండు ముక్కలే మనసులో అనుకుంటూ వెళ్ళాను.

వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపలికి అడుగు పెట్టగానే గారెల వాసన. నిన్నటి వాసన కాదు, అప్పుడే నూనెలోంచి తీసినవి. ఇల్లంతా దాటి దొడ్డిలోకి వెళ్ళాను. మా అత్తగారు సత్తెమ్మగారు, డెబ్బై ఏళ్ళ మనిషి, తలస్నానం చేసిన జుట్టు అలాగే వదిలేసి, నూతి గట్టు మీద అరిటాకు వేసి, అన్నం ముద్ద పెట్టి, దూరంగా జరిగి కాకి కోసం చూస్తున్నారు.

నన్ను చూసి తడబడిపోయారు. పైట సర్దుకున్నారు.

"ఇంత ఎండలో ఒచ్చేరేంటండీ అల్లుడుగారూ? నిన్న పిండి కొంచెం మిగిలిపోతేనూ, పారేయడం ఎందుకని రెండు గారెలు ఏసేనండి. కూర్చోండి, మజ్జిగ తెస్తాను."

"అత్తయ్యగారూ, తిథి ఇవాళే కదండీ" అన్నాను.

ఆవిడ అరిటాకు మీద వాలబోయిన ఈగని చేత్తో తోలారు.

"మీకెలా తెలిసిందండీ?" అని అడిగాను.

"క్యాలెండర్లో ఉందండి" అన్నారు నెమ్మదిగా.

వంటింటి గోడకి మేకు కొట్టి వేలాడదీసిన, ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చిన క్యాలెండర్. వెళ్ళి చూశాను. నిన్నటి గడిలో షష్ఠి. ఇవాళ్టి గడిలో సప్తమి, సాయంత్రం నాలుగు దాకా. చదువుకోని మనిషికి కూడా అర్థమయ్యేలా ఎర్ర సిరాతో అచ్చు వేసి ఉంది. తొమ్మిదేళ్ళుగా ఈ వంటింట్లో భోజనం చేస్తూ, ఆ గోడ వైపు నేను ఒక్కసారీ తలెత్తి చూడలేదు.

"నాకెందుకు చెప్పలేదండీ?" నా గొంతు పెరిగింది. నా తప్పుకి ఆవిడ మీద అరుస్తున్నానని తెలుస్తూనే ఉంది.

"మీరు లెక్క కట్టేరు. అబ్బాయి టిక్కెట్టు తీసేసుకున్నాడు. నలుగురిలో మీ మాట కాదంటే ఏం బాగుంటుందండీ?"

"పంతులుగారైనా చెప్పాలి కదా! ఆయనకీ తెలీదా?"

"ఆయనకి తెలుసండి. మొదటిసారి తప్పినప్పుడు ఆయనే దొడ్డిదారిన ఒచ్చి చెప్పేరు. 'అల్లుడుగారి మనసు నొచ్చుకుంటుంది, ఇవాళ్టికి ఇలా కానిచ్చేద్దాం. రేపు మీరు తలస్నానం చేసి ఓ ముద్ద పెట్టుకోండమ్మా' అన్నారు. అప్పట్నుంచీ తప్పినప్పుడల్లా ఇలాగే పెట్టుకుంటున్నానండి."

మా వైపు ఎదుటివాళ్ళ మాటకి 'ఆయ్' అంటాం. ఒప్పుకున్నా అంటాం, ఒప్పుకోకపోయినా అంటాం, ఎదుటి మనిషి చిన్నబుచ్చుకోకుండా ఉండడానికి. ఆ మర్యాద గురించి బయటివాళ్ళ దగ్గర గొప్పగా చెప్పుకున్నవాణ్ణే నేను. ఆ మర్యాదే నా చుట్టూ ఇన్నేళ్ళు గోడ కట్టిందని ఆ నూతి గట్టు పక్కన నిలబడి తెలుసుకున్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"కాకి వచ్చిందా అండీ?" అని మాత్రం అడిగాను.

"ఇంకా లేదండి. కొడుకు చెయ్యి కాదు కదండీ, ఆలీసంగానే ఒస్తాది" అన్నారు. ఎత్తిపొడుపేం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది.

ఇద్దరం వసారాలో కూర్చున్నాం. రెండున్నర దాటాక ఒక కాకి వాలి, ముద్దని ముక్కుతో పొడిచి, సగం నేల మీద పడేసి ఎగిరిపోయింది. అయినా ఆవిడ దణ్ణం పెట్టుకున్నారు. తరవాత నా వైపు తిరిగి, నా జన్మలో ఆవిడ నన్ను అడిగిన ఒకే ఒక్క కోరిక అడిగారు.

"మీరు మీ కంప్యూటర్లో ఏం దిద్దుకోవాలో దిద్దుకోండి బాబూ. అబ్బాయికి మాత్రం తెలియనియ్యకండి. ఆళ్ళ నాన్న పోయినప్పుడు రాలేదనే ఆడికి సగం ప్రాణం పోయింది. ఒచ్చి కూడా మూడేళ్ళు తప్పేడని తెలిస్తే అక్కడ ఒంటరిగా ఏమైపోతాడో. నాకు మాటియ్యండి."

"ఆయ్" అన్నాను.

ఇంటికొచ్చేసరికి నాలుగైంది. హేమ గుమ్మంలో నిలబడి ఉంది. ఎక్కడికెళ్ళారని అడగలేదు.

"అమ్మ తిందా?" అంది.

చెప్పులు విప్పుతున్నవాణ్ణి అలాగే ఆగిపోయాను. మామూలు రోజున సాయంత్రం నాలుగింటికి అమ్మ తిందా అని ఎవరూ అడగరు.

"నీకూ తెలుసా?"

"మొదటిసారే చెబుదామనుకున్నానండి. ఆ రోజు మీరు ఎంత సంబరంగా ఉన్నారో."

"నాకు కోపం వస్తుందని భయమా?"

"భయం కాదండి. బాగోదని."

ఇంతకాలం మేమిద్దరం ఏ విషయమైనా మొహం మీద అనుకునే మొగుడూపెళ్ళాలం అనుకున్నాను. అదీ పోయింది.

అప్పుడే వెళ్ళి కూర్చున్నాను. ప్లగిన్ దిద్దడానికి పట్టింది పది నిమిషాలు. మధ్యాహ్నాన్ని సర్వరు గడియారంతో సంబంధం లేకుండా ఊరిని బట్టి లెక్క కట్టమని నాలుగు వరసలు రాశాను. డాక్యుమెంటేషన్లో ఎనిమిదో మెట్టు చేర్చాను: మీ ఊరు ఏదో, మీ టైము ఏ దేశానిదో ముందు చెప్పండి. రేవతికి క్షమాపణ రాశాను. వెంటనే జవాబు ఇచ్చింది.

"పర్వాలేదండి. తేదీ సరిగ్గా వస్తోంది. కానీ సార్, ఇన్నాళ్ళూ దీన్ని నమ్మి తప్పు తేదీన పెట్టుకున్నవాళ్ళు ఉంటారు కదా. వాళ్ళకి తెలిసేలా ఒక మాట రాయాలి కదండీ?"

"ఆయ్, రాస్తానండి" అని పెట్టాను.

ఒకే రోజు రెండు ఆయ్‌లు అన్నాను. ఒకటి చెప్పనని, ఒకటి చెబుతానని. ఏదో ఒకటి అబద్ధం కాక తప్పదు.

రాయాల్సింది ఒక్క వాక్యమే. 'ఇంతకు ముందు ఈ ప్లగిన్ చూపిన తేదీల్లో కొన్ని ఒకరోజు ముందువి, మీవి ఒకసారి సరిచూసుకోండి.' టైపు చేశాను. రెండు వందల సైట్లు. ఒక్కో సైటు వెనకాల ఎన్ని ఇళ్ళో, ఎందరు తండ్రులో, ఎందరు తల్లులో. ఎన్ని దొడ్లలో ఎందరు ఆడవాళ్ళు మర్నాడు దొంగచాటుగా ముద్ద పెడుతున్నారో. వాళ్ళకి ఈ వాక్యం కావాలి. కానీ ఇది పెట్టిన గంటలో బుల్లిరాజు చూస్తాడు. ఆ సైటు వాడికి ఊరి కబుర్లు తెలిసే కిటికీ, రోజూ తెరుస్తాడు. పాత తేదీలు వాడికి కంఠతా వచ్చు.

వాక్యం తుడిచేశాను. మళ్ళీ రాశాను. చివరికి ఎనిమిదో మెట్టు మాత్రం ఉంచి, ఆ వాక్యం లేకుండానే కొత్త ప్లగిన్ బయటికి వదిలాను. నోరు మూసుకుని ఉన్నారని నేను ఎవరెవరి మీద కోపం తెచ్చుకున్నానో, వాళ్ళ వరసలో చివర నేనూ నిలబడ్డాను. వాళ్ళు నా ఒక్కడి దగ్గరే దాచారు. నేను ఊరూ పేరూ తెలియని వేల మంది దగ్గర దాచాను.

రేవతి రెండు రోజుల తరవాత, "పాత తేదీల సంగతి రాయలేదేమండి?" అని అడిగింది. జవాబివ్వలేదు. ఆ ప్రశ్న ఫిర్యాదుల పేజీలో అందరికీ కనబడేలా ఇప్పటికీ అలాగే తెరిచి ఉంది. దాన్ని మూసెయ్యడానికి ఒక్క నొక్కు చాలు. అదీ చేతకాలేదు నాకు.

ఇది జరిగి ఏడు నెలలు. రెండు వందల సైట్ల నుంచి ఒక్కరూ ఏమీ అనలేదు. ఒకప్పుడు ఆ నిశ్శబ్దం నాకు మెచ్చుకోలులా ఉండేది. ఇప్పుడు పొద్దున్నే కంప్యూటర్ తెరవాలంటే భయమేస్తోంది.

నిన్న కువైట్ నుంచి బుల్లిరాజు ఫోన్ చేశాడు.

"బావగారూ, ఒచ్చే ఏడు నాన్నగారి తిథి ఎప్పుడొచ్చిందండీ? సెలవు ఇప్పుడే రాయించుకోవాలండి."

ఎప్పుడూ సైటు చూసుకునేవాడు, ఈసారి నన్ను అడుగుతున్నాడేమిటా అనిపించింది. లేచి వంటింట్లోకి వెళ్ళి, గోడ మీద కొత్త క్యాలెండర్ కూడా ఒకసారి చూసుకుని, తేదీ చెప్పాను.

"ఖాయమేనా అండీ?"

"ఖాయమే బుల్లిరాజూ."

ఆ తేదీని వాడు రాసుకుంటున్నట్టు పైకి ఒకసారి చదువుకున్నాడు.

"ఆయ్, మీరు లెక్క కట్టేరంటే ఇంకేం ఉంటుందండీ" అన్నాడు.

ఆ ఆయ్ ఎలాంటిదో నాకు తెలియలేదు. రేవతి ప్రశ్న చదివాడో, ఎవరైనా చెప్పారో, లేక నిజంగానే ఇంకా నన్ను నమ్ముతున్నాడో. అడుగుదామని నోటిదాకా వచ్చింది. బాగోదని ఊరుకున్నాను.